ఐదున్నర గంటలు వెనక

మైదుకూరు నర్సింగ్ హోమ్‌లో లినక్స్ కంప్యూటర్ ఐదున్నర గంటలు వెనక నడుస్తోంది. పుట్టిన పిల్లల సమయాలన్నీ తప్పుగా ఎక్కుతున్నాయి. రాత్రి తొమ్మిదికి రిపేరుకు వచ్చిన మెకానిక్ ధనుంజయ టైమ్ జోన్‌ను ఇండియాకు మార్చాడు. గడియారం సరిపోయింది. కానీ మిషన్ ఆపి మళ్లీ పెడితే తేదీతో సహా వెనక్కి పోయింది. గడియారాన్ని నడిపే లోపలి సెల్ అయిపోయిందనుకుని, వైరు పీకి కంప్యూటర్ పెట్టె విప్పాడు.

కుళ్లు వాసన గుప్పుమంది. సెల్ చుట్టూ పొడవాటి వెంట్రుకలు జిడ్డుగా, తడిగా చుట్టుకుని ఉన్నాయి.

"ముందెవరన్నా దీన్ని ఇప్పినారా అక్కా?"

"లేదప్పా," అంది నర్సు కృష్ణవేణమ్మ. "కొన్నప్పటి సీలు ఇప్పుడు నువ్వే గదా చించితివి."

ముక్కు మూసుకుని వెంట్రుకలు పట్టి లాగాడు. వేళ్లకు జిగురు అంటుకుంది. ఎంత లాగినా వస్తూనే ఉన్నాయి. ఒక్క క్షణం ఆగాడు.

లోపల్నుంచి ఎవరో మెల్లగా వెనక్కి లాగారు.