నమ్మి ఎక్కిన లిఫ్టు

"వచ్చింది!" అని తొమ్మిదంతస్తుల భవనం ఒక్క గొంతుతో అరిచింది.

ఎతేరి పరుగున వెళ్లి ఇస్త్రీపెట్టె తగిలించింది. పక్కింట్లో రేడియో మోగింది, పై ఇంట్లో ఎవరో కేకు కరెంటు పొయ్యిలో పెట్టారు. సోవియట్ దేశం ముక్కలైన దగ్గర్నుంచీ జార్జియా రాజధాని టిబిలిసిలో కరెంటు చుట్టపుచూపుగానే వస్తోంది. వచ్చినప్పుడే మర్యాదలన్నీ చేసేయాలి.

ఆమె భర్త ఎల్గుజా వేడివేడి కోటు తొడుక్కున్నాడు. పదకొండింటికల్లా ఎంబసీలో ఉండాలి. వీసాకి ఇదే ఆఖరి రోజు. ముద్ర పడితే ఆదివారం విమానం, పరదేశంలో నాలుగు రోజుల సభ. పడకపోతే లేదు.

"నాలుగు రోజులూ రెండు పూటలా వేడినీళ్ల స్నానం చెయ్యండి. రెండో పూటది నా పేరు మీద," అంది ఎతేరి.

పంపునీళ్లు పైకి ఎక్కక, జనం బకెట్లతో మోసుకెళ్లిన నీళ్లు తొణికి, మెట్ల మీద గడ్డకట్టి ఉన్నాయి. తొమ్మిదో అంతస్తు నుంచి ఆ మంచు మీద జారితే ఎంబసీ మాట దేవుడెరుగు, నడుమే మిగలదు. అందుకని ఎల్గుజా లిఫ్టు ఎక్కాడు. ఆ ఊళ్లో పసిపిల్లలు కూడా చేయని తప్పది. కరెంటుని నమ్మాడు.

ఐదో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య కరెంటు పోయింది.

చీకటి. చేతులు చాపుదామంటే రెండు గోడలూ తగిలాయి. కాసేపటికి పొగ కూడా మొదలైంది. కరెంటు పోగానే ఇంటింటా రేకుపొయ్యిలు రాజేశారు మరి. గోడల సందుల్లోంచి ఆ పొగంతా వచ్చి లిఫ్టు బావిలో చేరుతోంది. ఎల్గుజాకి దగ్గొచ్చింది, ఆ తర్వాత భయమొచ్చింది. పోయిన నెలలో ఎదురు భవనంలో ఒకావిడ ఇలాగే పదమూడు గంటలు ఉండిపోయింది.

తలుపు దబదబా బాదాడు.

"ఎవరయ్యా లోపల?" ఐదో అంతస్తు జుజునా గొంతు.

"నేనే పిన్నీ, ఎల్గుజాని."

"లిఫ్టెక్కావా? ఇంత చదువు చదివి, ఇదేం పోయేకాలంరా నీకు!"

తిట్టిన నోటితోనే ఆవిడ నోదార్‌ని కేకేసింది. నోదార్ ఇరవై ఏళ్లు ఉక్కు కర్మాగారంలో కొలిమి దగ్గర పనిచేశాడు. ఆ కొలిమి చల్లారి ఎనిమిదేళ్లయింది. ఇప్పుడతను ఇంట్లో చెక్కనేల పలకలు ఒక్కొక్కటే పీకి పొయ్యిలో పెట్టుకుంటున్నాడు.

"పైకెళ్లి లిఫ్టు చక్రం చేత్తో తిప్పుతా అన్నా. నువ్వు మాత్రం కదలకు. కదిలావంటే నీ సభ సంతాపసభ అవుతుంది," అని నోదార్ మెట్లెక్కాడు.

లిఫ్టు వేలెడు దిగింది. ఆగింది. మళ్లీ వేలెడు దిగింది. ఈలోగా తలుపు బయట జనం చేరారు. ఎల్గుజా విదేశం వెళ్తున్నాడని అందరికీ తెలుసు. తమ గోడు వెళ్లబోసుకోవడానికే వెళ్తున్నాడని వాళ్లంతట వాళ్లే అనుకున్నారు. అతను కాదనలేదు.

"మా మనవడికి నాలుగేళ్లు. కరెంటు పోతే ఏడవడు, వస్తే జడుసుకుంటాడు. అది చెప్పు వాళ్లకి," అంది జుజునా.

"గ్యాస్ రాని గొట్టం మీద బట్టలారేసుకుంటున్నామని చెప్పండి," అంది ఇంకో గొంతు.

"కరెంటు లేక నడిరోడ్డు మీద ఆగిన ట్రాలీబస్సులో ఒక కుక్క పిల్లల్ని పెట్టింది. పిల్లలు పెద్దవయ్యాయి, బస్సు కదల్లేదు. అదీ చెప్పు!"

అందరూ నవ్వారు. ఎల్గుజాకి నవ్వు రాలేదు. చీకట్లో ఉండటమే నయమనిపించింది. అతనిది సర్కారు వారి గణాంకాల ఆఫీసు. ఏడాదికోసారి గ్రాఫులో ఒక గీతను కాస్త ముందుకి పొడిగించడం అతని పని. పదేళ్లుగా ఆ గీత కిందికే దిగుతోంది. అతనేం కావాలని దించలేదు, ఉన్నది ఉన్నట్టు గీశాడు. ఆ గీతను చూసే సభవాళ్లు పిలిచారు. ఆ పిలుపు ఉత్తరం కోటు జేబులో ఉంది. ఎతేరికి కూడా పూర్తిగా చదివి వినిపించలేదు.

పదీ ఇరవైకి తలుపు సగం తెరుచుకుంది. నలుగురు చేతులు పట్టి లాగారు. నడిస్తే ఎంబసీ అరగంట. ఇంకా టైముంది. కానీ మెట్ల దగ్గర అడుగు పెట్టే సందు లేదు. జుజునా కొవ్వొత్తి పట్టుకుని అడ్డంగా నిలబడింది.

"ఆ ఉత్తరం చదివి కదులు. నిన్నెందుకు పిలిచారో మేమూ వింటాం."

"ఆలస్యమైపోతుంది పిన్నీ..."

"మేం పదేళ్లాగాం. నువ్వొక్క నిమిషం ఆగలేవా?"

నోదార్ అరచేతులు ఊదుకుంటూ దిగొచ్చాడు. చర్మం లేచిపోయి రక్తం కారుతోంది. "చదవన్నా. ఇంత తిప్పినందుకు ఆ మాత్రం చెవిన వెయ్యవా?"

లిఫ్టులోంచి బయటపడ్డాడు గానీ వీళ్ల మధ్యనుంచి బయటపడలేడని ఎల్గుజాకి అర్థమైంది. జేబులోంచి ఉత్తరం తీశాడు. జుజునా కొవ్వొత్తి దగ్గరికి పెట్టింది. ఇంగ్లీషు ముక్కల్ని ఒక్కొక్కటే తమ భాషలోకి మార్చుకుంటూ, తల ఎత్తకుండా చదివాడు:

"భూమిని వేడెక్కించే పొగను పదేళ్లలో నాలుగింట మూడు వంతులు తగ్గించిన మీ దేశాన్ని మనసారా అభినందిస్తూ, ఆ ఘనకార్యం ఎలా సాధించారో మా సభకు విచ్చేసి మిగతా దేశాలకు నేర్పవలసిందిగా ప్రార్థిస్తున్నాం."