ఏటవాలు కోత

చంద్రి వందో మట్టి కవరులో గన్నేరు కొమ్మ గుచ్చి, చెంబుతో నీళ్లు పోసి, నడుము పట్టుకుని లేచింది. వెనకాల కనకయ్య నిలబడి ఉన్నాడు.

"పీనుగులకు తానం పోస్తున్నది," అన్నాడు. ఆమెతో కాదు. పక్కనున్న నీళ్ల డ్రమ్ముతో.

దంతాలపల్లి శివారులోని ఆ నర్సరీలో ముప్ఫై ఏళ్లుగా ఆయనే మాలి. షెడ్డు మూలన ఒక మంచం, మేకుకు రెండు చొక్కాలు. భార్య పోయాక అదే ఆయన ఇల్లు. మొక్కలతో తప్ప ఎవరితోనూ మంచిగా మాట్లాడగా చూసినవాళ్లు లేరు.

చంద్రి పనిలో చేరాక యజమాని వివేక్‌కు రెండు జీతాలు దండగ అనిపించింది. ఆ పొద్దున్నే ఇద్దరినీ పిలిచాడు. చెరో మోపు గన్నేరు కొమ్మలు ముందు పడేశాడు.

"జనగామ రోడ్డు నడుమ పెట్టనీకి మొక్కలు అడిగిండ్రు. చెరో వంద కవర్లు. కొమ్మలు గివే, మళ్ల రావు. నలభై అయిదు రోజులకు ఎవరివి ఎక్కువ బతికితే వాళ్లుంటరు. రెండోళ్లు పోతరు. ఒకరి కవర్లు ఒకరు ముట్టద్దు."

చంద్రి చేతులు జోడించింది. "గీ పని గూడ పోతే మళ్ల హైదరాబాద్‌ల ఇసుక మొయ్యబోవాలె సార్. మా బిడ్డ పూజ బడి మానాలె. ఏడో తరగతి."

"ఏడుపుకు వేర్లు రావు," అన్నాడు కనకయ్య.

కొమ్మలు కోసే కత్తెర నర్సరీలో ఒక్కటే, అది ఆయన దగ్గరుంది. చంద్రి అడగబోతే నడుముకు దోపుకున్నాడు. నీడలో కూర్చుని, తడి గోనె కింద మోపు పెట్టుకుని, ఒక్కో కొమ్మా తీసి జానెడు ముక్కలు చేశాడు. కింది కొస ఏటవాలు, పై కొస సమం. ముప్ఫై ఏళ్లుగా ఆయన కోత అదే.

చంద్రి తండా నుంచి తెచ్చుకున్న కొడవలితోనే కోసింది. ఆమెవీ జానెడు ముక్కలే, రెండు కొసలూ సమంగా తెగాయి. వాటిని వాకిట్లో ఎండకు కుప్ప పోసి, వంద కవర్లకూ మట్టి నింపేసరికి పొద్దు నడినెత్తి దాటింది. అప్పుడు గుచ్చింది.

మధ్యాహ్నం రొట్టె మీద పచ్చిమిరపకాయ నూరి తింటుంటే కనకయ్య గిన్నె పట్టుకుని వచ్చాడు.

"గిదేం తిండి? కోళ్లు గూడ ముట్టయ్. గీ పప్పుల ఉప్పెక్కువైంది. పారబోసే బదులు నువ్వు తిను."

కుక్కకు పెట్టినట్టు కింద పెట్టి పోయాడు. చంద్రికి ఒళ్లు మండింది. అయినా తిన్నది. ఉప్పు సరిగ్గానే ఉంది.

మూడో రోజు మొదటి ఆటోకే వచ్చింది. కనకయ్య ఆమె కవర్ల వరసల మధ్య గొంతుకూర్చుని ఉన్నాడు. మణికట్టు దాకా మట్టి.

"నా కవర్ల కాడ ఏం పని తాతా?"

"పీనుగులు లేసినయేమో చూస్తున్న."

ఆయన లేచి పోయాక చూసుకుంది. కవర్లలో మట్టి కదిలి ఉంది. ఒక్కో కొమ్మ మొదలూ బొటనవేలితో నొక్కుకుంటూ, వంద కవర్లకు వంద శాపాలు పెట్టింది. సాయంత్రం ఆటోలో పక్కింటి సంగీతతో చెప్పుకుంది.

"ముసలోడు నా మొక్కలు చంపుతాండు అక్కా."

"గుంటనక్క వాడు. మా ఆయనను గూడ గట్లనే ఎల్లగొట్టిండు," అంది సంగీత.

ఇరవయ్యో రోజుకు చంద్రి వరసల్లో పచ్చటి మొటిమలు లేచాయి. నెలకు ఆకులు. కనకయ్య వరసలు మాత్రం పళ్లూడిన నోరులా ఉన్నాయి.

చంద్రికి నోరు వచ్చింది. "తాతా, నీయి ఇంక నిద్ర లేవలేదా?"

"నీళ్లు పట్టు. మాటలు గాదు."

నలభై అయిదో రోజున వివేక్ వచ్చి రెండు వైపులా నడిచాడు. చంద్రివి ఎనభై దాకా పచ్చగా ఉన్నాయి. కనకయ్యవి పాతిక కూడా లేవు.

"ముప్ఫై ఏండ్ల చెయ్యి గిదేనా? కండ్లు పోయినయా, తాగుతున్నవా?"

కనకయ్య డ్రమ్ము వైపు చూశాడు.

చంద్రి ఆగలేకపోయింది. "నా కవర్లల్ల చెయ్యి పెట్టిండు సార్. మూడో రోజు నా కండ్లతోని చూసిన. నావి చంపవోతే దేవుడు ఆయనవే చంపిండు."

"నిజమేనా?" అన్నాడు వివేక్.

"పెట్టిన," అన్నాడు కనకయ్య.

వివేక్ మొహం తిప్పుకున్నాడు. "ఛీ. ఇయాల్నే ఎల్లిపో."

కనకయ్య రెండు చొక్కాలు తువ్వాలులో చుట్టుకున్నాడు. గేటు దాకా పోయి వెనక్కి వచ్చి, నడుముకున్న కత్తెర తీసి డ్రమ్ము మీద పడేశాడు.

"తుప్పు పట్టనిస్తే మంచిగుండదు. కొమ్మలు నీడకు పెట్టుకోవాలె. గా మాత్రం తెల్వదు, మాలి అంటది."

బస్టాండు వైపు వెళ్తున్న ఆయన వీపు చూసి చంద్రి పక్కకు ఉమ్మింది. "పీడ వోయింది."

ఎండినవాటిని పీకేసి కవర్లు మళ్లీ వాడమన్నాడు వివేక్. చంద్రి కొంగు బిగించి ముసలాడి వరసలోకి దిగింది. మొదటి పుల్ల పీకి నవ్వుకుని విసిరేసింది, రెండోదీ విసిరేసింది, మూడోది చేతిలోనే ఉండిపోయింది, గబగబా నాలుగోది, అయిదోది, పదోది పీకి చూసింది: కనకయ్య కవర్లలో ఎండిన ఆ పుల్లల్లో ఒక్కదానికీ ఏటవాలు కోత లేదు, అన్నీ తన కొడవలికి తెగినవే.