పిల్లికో తలుపు

"తలుపుకి కన్నం పెట్టించొద్దండీ, మీకు దణ్ణం పెడతాను," అంది భార్య, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

వడ్రంగి పెన్సిల్ చెవిమీద పెట్టుకుని భర్త వైపు చూశాడు. రెండో అంతస్తులోని ఆ చిన్న ఫ్లాట్‌లో పెంపుడు పిల్లి మసిగాడికి బయటికి దారి చెయ్యడానికి వచ్చాడతను. వీధి తలుపు అడుగున జానెడు చదరం కోసి, అటూ ఇటూ ఊగే చెక్క రెక్క బిగించాలి. పెద్ద పనేం కాదు. వచ్చిన దగ్గర్నుంచీ మొగుడూ పెళ్ళాల వాదనతోనే సరిపోయింది.

"నువ్వు గీసుకో మేస్త్రీ, దాని మాటలకేం గానీ," అన్నాడు భర్త.

"మసిగాడు వెళ్తే మళ్ళీ వస్తాడా? ఏ కుక్క నోటనో పడితే?"

"ఎందుకు పడతాడే? వెనక ఖాళీస్థలం చుట్టూ గోడుంది. గేటు కింద సందుకి జాలీ కొట్టించాను. వాచ్‌మన్‌కి చెప్పాను. మెడపట్టీ మీద నా ఫోన్ నంబరు రాయించాను. ఇంకేం కావాలి నీకు?"

ఆమె పిల్లిని ఎత్తుకుని గుండెకి హత్తుకుంది. దాని ఒళ్ళంతా తెలుపే, మూతి మాత్రం పొయ్యిలో పెట్టి తీసినట్టు నల్లగా ఉంది. అది ఆమె చేతుల్లోంచి జారి, కిటికీ దగ్గరికి పోయి అద్దం గీకసాగింది.

"చూశావా మేస్త్రీ? పొద్దస్తమానం ఇదే పని. తిండి మానేసింది. కాళ్ళ మీద బొచ్చు తనే పీక్కుంటోంది. నాలుగ్గోడల మధ్య పడేస్తే ఏ ప్రాణికైనా పిచ్చెక్కుతుందన్నాడు డాక్టరు." భర్త కళ్ళు తుడుచుకున్నాడు. "నోరులేని జీవం. దాని ఉసురు నాకెందుకు?"

ఎంత మంచి మనిషి అనుకున్నాడు వడ్రంగి. సొంత పిల్లల్నే పట్టించుకోని ఈ రోజుల్లో పిల్లి బాధకి కళ్ళు చెమర్చేవాళ్ళు ఎక్కడ దొరుకుతారు చెప్పండి!

"పగలంతా నాకు తోడు అదొక్కటే," అంది ఆమె. "అదీ పోతే నేనెవరితో మాట్లాడను?"

"నీ కాలక్షేపానికి దాన్ని జైల్లో పెడతావా? ఎంత స్వార్థమే నీది!"

"అవును, స్వార్థమే. అదైనా నాకు ఉండనివ్వండి."

వడ్రంగికి ఒళ్ళు మండింది. ఉండబట్టలేక, "సార్ చెప్పిందే నిజం అమ్మా. మూగజీవాన్ని కట్టి పడేస్తే పాపం కదా. ఆకలేస్తే అదే వస్తుంది లెండి," అన్నాడు. ఆమె అతని వైపు ఒక్కసారి చూసి, పక్కకి తప్పుకుంది.

అతను రంపం తీశాడు. "ఒకటే అనుమానం సార్. ఎవడైనా ఇందులోంచి చెయ్యి దూర్చి గడియ తీస్తే?"

"ఏ వైపునుంచి చెయ్యి పెట్టినా అందదు. నేను కూర్చుని కొలిచి చూశాలే."

చెక్క ముక్క ఊడి పడింది. పిల్లి మీసాలకి గుచ్చుకోకూడదని అంచులన్నీ గరుకు కాగితంతో నున్నగా రుద్దించి, వేలితో తడిమి మరీ చూసుకున్నాడు భర్త. రెక్క బిగించగానే పిల్లి వచ్చి వాసన చూసింది. తలతో నెట్టింది. సగం లోపల, సగం బయట కాసేపు ఆలోచించి, తుర్రుమంది.

"మసిగా! ఒరే మసిగా!" ఆమె పరుగెత్తబోయింది. భర్త చెయ్యి అడ్డం పెట్టాడు.

"పోనీవే. దాని బతుకు దాన్ని బతకనీ."

ఆమె గోడకి జారగిలబడి, "ఇక రాడు, నా దగ్గరికి ఎందుకొస్తాడు?" అంటూ వెక్కివెక్కి ఏడ్చింది. పిల్లి కోసం ఈ రాద్ధాంతమేమిటని విసుక్కుంటూ వడ్రంగి సామాను సంచిలో సర్దుకుని బయటికి నడిచాడు.

"పద మేస్త్రీ, నేనూ ఆఫీసుకి బయల్దేరాలి," అంటూ భర్త చెప్పులేసుకుని వెనకే వచ్చాడు. తలుపు దగ్గరికి లాగి, బయట గడియ పెట్టి, బ్యాగులోంచి గుప్పెడంత తాళంకప్ప తీసి వేశాడు.

"అయ్యో సార్, అమ్మగారు లోపలే ఉన్నారు!"

"ఉండక, ఎక్కడికి పోతుంది?" అంటూ భర్త తాళంకప్పని గట్టిగా లాగి చూసుకుని, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.