రోజుకో కొత్త తప్పు

"ఆ గోవిందయ్య పేరు కొట్టేయండి మేడమ్," అన్నాడు సూపర్‌వైజర్ మోహన్‌కృష్ణ ఫోన్లో. "ఆదివారమే పరీక్ష. ఒక్కరు తప్పినా ఆ ఊర్లో సెంటరు ఎత్తేస్తారు. పోయినేడు పక్కూర్లో జరిగింది అదే గదా!"

"కొట్టేస్తే తొమ్మిదిమందే మిగుల్తారు సార్. పదిమంది లేకపోయినా ఎత్తేస్తామంటిరే?"

అవతల కాసేపు దగ్గు వినిపించింది. రెండు రూల్సూ ఆయన చెప్పినవే మరి.

రూపశ్రీ రోజూ పుత్తూరులో బస్సెక్కి, కార్వేటినగరం దాటి ఆ ఊరికి వస్తుంది. పిల్లల బడి వదిలాక అదే వరండాలో పెద్దవాళ్ళకు అక్షరాలు, లెక్కలు చెబుతుంది. ఆమె రిజిస్టర్లో తొమ్మిదిమంది ఆడవాళ్ళు. పదోవాడు గోవిందయ్య. డెబ్బై దాటిన మనిషి. తనే వచ్చి, "నా పేరు గూడా రాసుకో తల్లీ" అని చివర్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

తిరుపతిలో మూడు రోజుల ట్రైనింగు అయినప్పటి నుంచి రూపశ్రీ మాటా నడకా మారిపోయాయి. పాఠం అవగానే అందరి చేతా చీటీ రాయించాలి. చీటీలో తప్పేందో చూడాలి. ఆ తప్పును పట్టుకుని రేపటి పాఠం చెప్పాలి. అక్కడ నేర్పింది ఇదే. ఆమె దాన్ని పొల్లు పోనీయకుండా చేస్తోంది. ఒప్పుకు పచ్చ, తప్పుకు ఎరుపు పెట్టి చార్టు కూడా గీసింది.

ఆ చార్టులో తొమ్మిది వరసలు వానలు పడిన మామిడి తోట మాదిరి పచ్చగా ఉన్నాయి. పదో వరస మాత్రం మిరపకాయలు ఆరబోసినట్టుంది.

తొమ్మిది ఒప్పులూ ఎక్కడివో రూపశ్రీకి తెలియక కాదు. ముందు కూర్చున్న చెంగమ్మ బోర్డు మీదున్నది చూసి గీకుతుంది. ఎనిమిది తలలు అటే వంగుతాయి. "అర్థం కాకపోతే అడగండమ్మా" అంటే, "అంతా అర్థమైంది మేడమ్" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు. ఉన్నదున్నట్టు చెప్పేది గోవిందయ్య తాత చీటీ ఒక్కటే. ఆమె పాఠాలన్నీ దాన్ని బట్టే నడుస్తున్నాయి.

పుత్తూరు అని రాయమంటే పుతూరు అని రాశాడు.

"ఒత్తు యాడికి పోయింది తాతా?"

"పెట్టినా తల్లీ. నువ్వు చూసేలోపల చీమ ఎత్తుకపోయినట్టుండాది."

మరుసటి రోజంతా ఒత్తుల పాఠం. ఇంకోసారి యాభై రెండులోంచి పదిహేడు తీసేసి నలభై ఐదు మిగిల్చాడు. రూపశ్రీ చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టుకొచ్చింది. ఒక కట్ట విప్పితేగానీ ఏడు తీయలేమని తాతకు చూపించింది. తాత ఆవులించాడు. పక్కనున్న శకుంతలమ్మ మాత్రం ఆ కట్టను లాక్కుని రెండుసార్లు విప్పి, రెండుసార్లు కట్టి, "ఓహో... ఇదా సంగతి!" అంది.

చెప్పిన తప్పు తాత మళ్ళీ చేసేవాడు కాదు. అక్కడికి సంతోషమే. కానీ తెల్లారితే కొత్తది చేసేవాడు.

ఒకరోజు ఆమెకు ఓపిక నశించింది. "చిన్నప్పుడు బడి మొగమే చూడలేదా తాతా?"

"చూడకేం తల్లీ! పెద్దయినాక గూడా ముప్ఫై ఏండ్లు పోయినా. ఒకటో తరగతి దాటనీలేదు నన్ను."

వరండా అంతా గొల్లుమంది. చెంగమ్మ నవ్వాపుకోలేక స్తంభం చాటుకు పోయింది.

శనివారం రూపశ్రీ అందరినీ దూరం దూరంగా కూర్చోబెట్టి చీటీలు రాయించింది. తొమ్మిదిమందీ ఎవరిది వాళ్ళు రాశారు. తొమ్మిదీ ఒప్పే. తాత చీటీ మాత్రం తెల్లగా ఉంది.

ఆమె సూపర్‌వైజర్ మాట చెప్పింది. చెంగమ్మకు రోషం వచ్చింది. "ఆయప్ప పేరు కొట్టేస్తే మావీ కొట్టేయండి మేడమ్! సెంటరు పోతే పోనీ!"

రూపశ్రీ కొట్టేయలేదు. వెళ్ళేముందు గోవిందయ్య దగ్గర ఆగి బతిమాలింది. "రేపు ఒక్కరోజు తప్పులు చేయొద్దు తాతా."

"అట్లే కానీ తల్లీ. ఇంక వాటితో పనీ లేదు."

ఆదివారం మోహన్‌కృష్ణ వచ్చేసరికి పరీక్ష అయిపోయింది. బడి లోపల గదిలో కూర్చుని పేపర్లు తిప్పాడు. తొమ్మిదీ పాస్. పదో పేపరు దగ్గర ఆయన చేయి ఆగిపోయింది. ఒక్క తప్పు లేదు. ఒక్క కొట్టివేత లేదు. గుండ్రటి అక్షరాలు మల్లెమొగ్గలు మాల కట్టినట్టున్నాయి.

"ఇది మీరే రాసినారు మేడమ్."

"ఒట్టు సార్! నేను రాయలేదు."

"తీసివేత రాదన్నారే! వారంలో ఈ దస్తూరి యాడ్నించి వచ్చింది? ఇది పైకి పోతే సెంటరే కాదు, మీ పేరూ పోతాది."

రూపశ్రీకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తాత రాశాడంటే తనకే నమ్మకం కుదరడం లేదు.

"పిలవండి ఆ గోవిందయ్యను. నా ముందర రాయమందాం."

కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్న గోవిందయ్య పంచకు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు.

ఆయన్ను చూడగానే మోహన్‌కృష్ణ కుర్చీ వెనక్కి పడేంత తొందరగా లేచి, చేతులు కట్టుకుని, "నమస్కారం అయివారూ... నేను, మీ దగ్గర ఒకటో తరగతి సదివిన మోహన్‌కృష్ణను" అన్నాడు.