ఏది పోయించాలె?

"రెగ్యులరా, ప్రీమియమా? నువ్వే చెప్పు," అన్నాడు నాగేందర్.

స్టీరింగ్ మీద ఉమారాణి చేతులకు చెమటలు పట్టాయి. మొయినాబాద్ బంకులో వెనకాల కారు అప్పుడే హారన్ కొడుతోంది. పెట్రోలు పోసే మనిషి పైపు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. పక్క సీట్లో కూర్చున్న మొగుడు మాత్రం చేతులు కట్టుకుని, తనకేం సంబంధం లేనట్టు ముందుకే చూస్తున్నాడు.

"ఎప్పుడూ పోయించేటోనివి నువ్వు. నన్నడుగుతవేంది?"

"ఇయ్యాల నడిపేది నువ్వు గదా."

ఆమెకు ఒళ్ళు మండింది. ఈ కారులోనే గచ్చిబౌలి కంపెనీల వాళ్ళను దింపి వచ్చేవాడు నాగేందర్. దసరా పోయినప్పటి నుంచి కిరాయిలు లేవంటూ తమ ఊరు ఎంకపల్లిలోనే ఉండిపోయి, ఆమెకు డ్రైవింగ్ నేర్పించే పని పెట్టుకున్నాడు. కార్లు నడిపే సాఫ్ట్‌వేర్ ఆడవాళ్ళను చూసి పెళ్ళాన్నీ అలా చూడాలని ముచ్చట పడ్డాడనుకుంది. ముచ్చటైతే ఇంత కఠినం ఎందుకు? చేవెళ్ల సంతరోజు జనంలో బండి ఆగిపోయినా చెయ్యి కదపలేదు. నువ్వే చూసుకో అన్నాడు. అడిగినా దారి చెప్పడు. ఇప్పుడు పెట్రోలు సంగతి కూడా ఆమే తేల్చుకోవాలట.

"రెండిట్ల ఫరక్ ఏంది?" అంది గొంతు తగ్గించి.

అప్పుడు మాత్రం ఓపిగ్గా చెప్పాడు. ప్రీమియంలో ఇంజన్ని శుభ్రంగా ఉంచే మందేదో కలుపుతారట. కొన్ని పెద్ద కార్లకు అది కావాలి. తమ పాత మారుతికి రెగ్యులర్ చాలని కంపెనీ వాళ్ళే చెప్పారు.

"మరి ఇన్నొద్దులు నువ్వు ప్రీమియమే ఎందుకు పోయించినవ్?"

అతను పక్క పంపు దగ్గర ఆగిన కార్ల వైపు చూశాడు.

"పక్కన కొత్త కొత్త కార్లు నిలబడ్తయి. వాటి ముంగట రెగ్యులర్ అనబుద్ధి గాకపోయేది."

ఉమారాణి అతనివైపు చూసింది. ఇలా మనసు విప్పే మనిషి కాడు. ఆమె కోపం సగం చల్లారింది. బండి రోజూ సాఫీగా పోవాలి, రావాలి. పక్కవాళ్ళు ఏమనుకుంటే బండికేం?

"రెగ్యులర్ పొయ్యన్నా," అంది పైపు పట్టుకున్న మనిషితో, గట్టిగా.

నాగేందర్ వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. ఆ ముఖంలో ఎన్నాళ్ళుగానో లేని నెమ్మది. "ఇగ నాకు ఫికర్ లేదు," అన్నాడు.

ఆ మాట ఆమెను వదల్లేదు. బంకు దాటి కొంత దూరం పోయాక బండిని రోడ్డు పక్కకు తీసి ఆపింది.

దుబాయి పోతున్నవా అని అడిగింది. లేదన్నాడు. బండి అమ్ముతున్నవా అంది. అదీ కాదన్నాడు.

"మరి ఎందుకు గింత పట్టుబట్టి నేర్పుతున్నవ్? నిజం చెప్పు."

నాగేందర్ ఆమె వైపు తిరిగాడు. నుదురు, కళ్ళు, ముక్కుపుడక, ఒక్కొక్కటే చూస్తూ పోయాడు. అంతసేపు అలా చూస్తుంటే ఆమెకే సిగ్గేసింది.

"మొన్న దసరా ముంగట కంటి దవాఖానకు పోయొచ్చిన, ఉమా. ఎండాకాలం దాకనే నీ మొఖం కనవడ్తదన్నరు."