బ్రేకుల బేరం

"బ్రేకులకి మొత్తం ఆరువేల ఎనిమిదొందలు అవుద్దమ్మా" అని మాబు సాహెబ్ పానా కింద పెట్టాడు. ఇక బేరం మొదలవుతుందని అతనికి తెలుసు.

వినుకొండలో, నరసరావుపేట రోడ్డు మీద ఇరవై ఆరేళ్లుగా అతని షెడ్డు ఉంది. హారన్‌కి రెండు వేలు పోసే మారాజులు బ్రేకు దగ్గరికొచ్చేసరికి పిసినారులైపోతారు. 'ఉన్నవాటినే బిగించు, ఈ పంటకి గడిపేద్దాం' అంటారు. కిందటేడు అలాగే ఒకడి మాట విని అరకొర పని చేసిచ్చాడు. వారం తిరక్కుండా ఆ బండి మలుపులో బోల్తా కొట్టింది. మనిషి బతికాడు గానీ కాలు పోయింది.

ఆ రోజే మాబు సాహెబ్ ఒట్టు పెట్టుకున్నాడు. చేస్తే పూర్తిగా చెయ్యాలి, లేదంటే బండి ముట్టుకోకూడదు. ఒట్టు మంచిదే, అన్నం మాత్రం పెట్టదు. ఈ నెలలో ముగ్గురు ధర విని పక్క షెడ్డుకి పోయారు. వాళ్లతో వాదించే ఓపిక కూడా ఇప్పుడు అతనికి లేదు.

ఈ పికప్ పొద్దున్నే వచ్చింది. నడిపే కుర్రాడికి ముప్పై ఏళ్లుంటాయి. దిగుతూనే ఫోను తీశాడు. "ఆమెతో మాట్లాడుకో. డబ్బులు ఆమెయ్యే" అని, ముందు సీట్లోంచి దిగుతున్న మనిషిని గడ్డంతో చూపించి టీకొట్టుకి వెళ్లిపోయాడు.

ఆమె పేరు అంకమ్మ. యాభై దాటి ఉంటాయి. వెలిసిన చీర, మెడలో పసుపుతాడు. బండికి ఓనరై ఉండి కూడా డాబు లేదని మాబు సాహెబ్‌కి ముచ్చటేసింది.

"వెనక ఎడమ చక్రం సాయిబు గారూ. తొక్కినప్పుడల్లా కీచుమంటంది. మలుపులో మరీను."

విప్పి చూస్తే అక్షరాలా అంతే. లైనర్లు అరిగి రేకు తేలింది, ఆయిల్ కారుతోంది. రోగం ఇంత కచ్చితంగా చెప్పిన ఓనర్ని అతను ఎన్నడూ చూడలేదు.

"లోడెంత ఏస్తారమ్మా?"

"ఇరవై రెండు."

"మిరప టిక్కీలేగా. బస్తా నలభై అయిదు కేజీలనుకున్నా టన్ను. బండికది బరువే కాదు. ఎన్నాళ్లు పట్టించుకోకపోతే ఇట్టా అయిందో."

అతను ధర చెప్పి పానా కింద పెట్టింది అప్పుడే.

అంకమ్మ చేతిసంచిని తడిమి చూసుకుంది. "ఇందులో నీ కూలెంత?"

"పన్నెండొందలు."

"కూలి తగ్గించమని నేనడగను. పొద్దూకులూ బండి కింద పడుకుని చేసే పని. సామాన్లలో ఏమన్నా చూడు."

ఇరవై ఆరేళ్లలో ఈ మాట అన్నవాళ్లు లేరు. మాబు సాహెబ్‌కి కళ్లనీళ్లు తిరిగినంత పనయింది.

"సామాన్ల మీద నాకు మిగిలేది రెండొందలు. అది వదిలేస్తా. ఆరువేల ఆరొందలు. అంతకన్నా తగ్గితే బ్రేకు తగ్గుద్ది."

"బ్రేకు తగ్గొద్దు" అంది అంకమ్మ.

పని సాయంత్రం దాకా పట్టింది. ఆమె పాత టైరు మీద కూర్చుని, విప్పే ప్రతి బోల్టూ, బిగించే ప్రతి బోల్టూ చూస్తూనే ఉంది. ఆ కుర్రాడు రెండుసార్లు వచ్చి విసుక్కుని పోయాడు.

"ఇంకా ఎంతసేపు? తెల్లారకముందే బండి కదలాలి. ఏదో పడతానే ఉన్నయ్యిగా బ్రేకులు, అనవసరపు రాద్ధాంతం."

జీతానికి నడిపేవాడికి ఓనరమ్మ ముందు ఇంత పొగరా అని మాబు సాహెబ్‌కి ఒళ్లు మండింది. ఆమె మాత్రం బోల్టు మీంచి చూపు తిప్పలేదు. మెత్తనివాళ్లని చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా అనుకుని, బండి కిందికి దూరాడు.

పనయ్యాక అతనే రోడ్డు మీద నడిపి చూశాడు. తొక్కినచోట ఆగింది.

"ఫోన్లో కొడతారా అమ్మా?"

"నోట్లేనయ్యా."

సంచిలోంచి చిన్నచిన్న మడతలు తీసింది. ఇరవై రెండు మడతలు, ఒక్కోదాంట్లో మూడు వందలు. కొన్నింట్లో వంద నోట్లు, కొన్నింట్లో అన్నీ పదులూ ఇరవైలే. ఒక్కొక్కటే విప్పి, లెక్కపెట్టి ఇచ్చింది. నోట్లకున్న మిరప ఘాటుకి మాబు సాహెబ్ రెండుసార్లు తుమ్మాడు.

"ఆ పాత లైనర్లు ఈ సంచిలో ఎయ్యి. చీటీ కూడా రాసియ్యి."

"నా మీద నమ్మకం లేదా అమ్మా?"

"నాకుంది. చూపించాల్సినోళ్లు ఇంకా ఉన్నారు."

ఇంట్లో మగాడికి లెక్క అప్పజెప్పాలి కాబోలు. ఓనరైనా ఆడదానికి ఆ తిప్పలు తప్పవుగా అని జాలిపడి, చీటీ రాసిచ్చాడు.

మర్నాడు తెల్లవారుజామున నమాజు చేసుకుని మాబు సాహెబ్ టీకొట్టు దగ్గరికొచ్చాడు. మంచులోంచి అదే పికప్ వచ్చింది. చిన్న చప్పుడు కూడా లేకుండా కొట్టు ముందు ఆగింది. చాలాకాలానికి తన పని మీద తనకే గౌరవం కలిగింది. ఓనరమ్మకి ఒక సలాం చెబుదామని ముందు సీటు దగ్గరికి నడిచాడు.

సీటు ఖాళీగా ఉంది.

బండి ఓనరు, నిన్న తను జీతగాడనుకున్నవాడే, వెనక తొట్టి చుట్టూ తిరుగుతూ మిరపకోతకి పోయే ఇరవై రెండు మంది ఆడకూలీల దగ్గర మనిషికి ముప్పై చొప్పున బండిచార్జీ వసూలు చేస్తుంటే, తొట్టిలో ఎడమ చక్రం పైన ఒదిగి కూర్చున్న అంకమ్మ కొంగుముడి విప్పి తన ముప్పై కూడా వాడి చేతిలో పెట్టింది.