స్టెంటు వేసిన ఇల్లు

తుమ్మితే జారిపోతుందా?

జారదనే అన్నాడు సూర్యాపేట డాక్టరు. రక్తనాళం గోడకు గట్టిగా అంటుకుని ఉంటుందట. అయస్కాంతం కూడా లాగలేదట. పాపం, ఆయన రైస్ మిల్లు చూసి ఉండడు. మిర్యాలగూడలో సత్తయ్య మిల్లుంది. అక్కడ వడ్లు యంత్రంలోకి దిగేచోట ఒక అయస్కాంతం బిగించి ఉంటుంది. వడ్లలో ఏ మూలో దాక్కున్న మేకు కూడా ఎగిరొచ్చి దానికి అతుక్కుంటుంది. అంత మేకే ఆగలేదు, గుండెలోని స్ప్రింగు ఆగుతుందా?

అందుకే దవాఖాన నుంచి రాగానే, ఫ్రిజ్ తలుపుకున్న అయస్కాంతపు చిలకను పీకి గోడవతల పారేశాడు సత్తయ్య. తర్వాత మంచమెక్కాడు. ఉప్పు మానేశాడు. దగ్గు వస్తే మింగేస్తున్నాడు. అద్దంలో పెదాలు నల్లబడినట్టే కనిపిస్తున్నాయి.

ఒక్క పూట మాత్ర తప్పినా స్టెంటులో రక్తం గడ్డకట్టొచ్చని డాక్టరు మరీ మరీ చెప్పాడు. మాత్రల పట్టీ సత్తయ్య జేబులోనే ఉంది. పొద్దుటి నుంచీ ఒకటే చుట్టాలు. మాత్ర ఇంకా పడలేదు.

కోదాడ నుంచి బావమరిది దామోదర్, భార్య ఉమారాణితో వచ్చాడు. బత్తాయిల సంచి మంచం మీద పెట్టాడు.

"ధైర్యంగా ఉండు బావా. ఈ రోజుల్లో స్టెంటంటే పన్ను పీకించుకున్నట్టే."

"నీకేంది, గట్లనే చెప్తవ్. డాక్టరు తెరమీద సూపెట్టిండు. నరం దారమంత అయింది. గాడ బెలూన్ ఉబ్బించి స్ప్రింగు పెట్టిన్రు. నా కాళ్లు సల్లబడ్డయ్."

ఉమారాణి పేపరుతో విసిరింది. "బాగా చిక్కిపోయారన్నయ్యా. వదినా, అన్నయ్యకి టీలో పంచదార తగ్గించు."

సత్తయ్య భార్య భాగ్యవతి ఎడమచేత్తో కప్పు అందించింది. కుడిచేయి కొంగులోనే ఉంది.

"తగ్గించిన. ఉప్మా జేస్త, తినిపోండ్రి" అని, గోడ పట్టుకుని వంటింట్లోకి నడిచింది.

కాసేపటికి ఎండుమిర్చి పోపు ఘాటు హాల్లోకి కమ్ముకొచ్చింది. సత్తయ్య ముక్కు మూసుకున్నాడు.

"గట్టిగా మూసుకో బావా. ఇప్పుడు తుమ్మావంటే అంతే సంగతులు" అన్నాడు దామోదర్.

వంటింట్లో తుమ్ము.

సత్తయ్య చేయి గుండెమీదికి పోయింది.

ఇంకో తుమ్ము. ఈసారి పెద్దది.

సత్తయ్య మంచం దిగాడు. వంటింట్లోకి వెళ్లి స్టవ్ ఆపాడు. గ్లాసులో నీళ్లు పట్టాడు. జేబులోని పట్టీలోంచి మాత్ర నొక్కి తీసి, మొన్ననే స్టెంటు వేయించుకొచ్చిన భార్య చేతిలో పెట్టాడు.